పదును ఆగదు: మా షెడ్డులో 3,880 రూపాయల రిపేరు బల్ల

మాది అనంతపురం జిల్లా విడపనకల్లు. పోయినసారి పెట్టిన ఘనజీవామృతం వీడియోలో నా వెనకాల ఒక చెక్క బల్ల కనపడింది. ఘనజీవామృతం గురించి అడిగినవాళ్ల కంటే ఆ బల్ల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "అన్నా, ఆ బల్ల యాడ కొన్నావు, ఎంత పడింది?" అని. కొనలేదు, చేసుకున్నాం. చేసే పద్ధతి పైన వీడియోలో చూపించినాను. అందులో చెప్పడానికి వీలుకాని కొలతలు, ఖర్చులు, ముఖ్యంగా మేం చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నా. వీడియో ఒకసారి చూసి ఇది చదివితే బాగా అర్థమవుతుంది.

ప్రకృతి వ్యవసాయానికి, రిపేరు బల్లకు సంబంధం ఏముంది అని అనుకోవచ్చు. నేనూ మూడేళ్ల కిందటి దాకా అట్లే అనుకున్నా.

ఒక కర్రు, రెండు రోజులు

మా పక్క ఎక్కువ నల్లరేగడి. అక్టోబరులో వాన పడితే పప్పుశనగ వేస్తాం. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే. అది కూడా ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో తెలియదు. పడిన వానను పట్టుకోవడమే మన సేద్యం. నేల మరీ బురదగా ఉంటే గొర్రు దిగబడుతుంది, ఆరిపోతే విత్తనం మొలవదు. నడుమ ఉండే ఆ నాలుగైదు రోజులే పదును.

మూడేళ్ల కిందట అట్లాంటి పదునులోనే ఎకరా విత్తగానే గొర్రు కర్రు ఒకటి ఊడింది. బోల్టు తెగి సగం లోపలే ఉండిపోయింది. అది తీసి కొత్త బోల్టు వేస్తే అరగంట పని. కానీ దాన్ని కదలకుండా పట్టే సాధనం ఇంట్లో లేదు. మా నాయన కాళ్లతో తొక్కిపట్టినాడు, నేను ఉలితో కొట్టినా. ఉలి జారి నాయన పాదం పక్కనే దిగింది. ఇంకో అంగుళం ఇటు పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అంతటితో ఆపి, కర్రును బండి మీద వేసుకుని ఒక వెల్డింగ్ అంగడికి పోయినా. అక్కడ నా ముందు పదకొండు మంది ఉన్నారు. పదును వస్తే అందరి గొర్రులూ ఒకేసారి బయటికొస్తాయి, అందరివీ ఒకేసారి విరుగుతాయి. అంగడివాళ్ల తప్పేం లేదు.

కర్రు చేతికొచ్చేసరికి రెండు రోజులు గడిచినాయి. ఆ రెండు రోజులూ ఎండ, గాలి. మిగిలిన నాలుగెకరాలు ఆరిన పదునులోనే విత్తినాం. బీజామృతం పట్టించిన మంచి విత్తనమే, జె.జి.11. మొదటి ఎకరంలో సాళ్లు తీగ గీసినట్టు మొలిచినాయి. మిగతా నాలుగెకరాల్లో అక్కడక్కడా బోసి. విత్తనం ఒకటే, నేల ఒకటే, తేడా రెండు రోజులే. జీవామృతం ఎంత పోసినా మొలవని గింజను మొలిపించలేదు కదా.

ఆ రోజే నిర్ణయించుకున్నా: చిన్న రిపేరు ఏదైనా ఇంట్లోనే కావాల.

మనోళ్ల గ్యారేజీ, మన షెడ్డు

మా చిన్నమ్మ కొడుకు అమెరికాలో ఉంటాడు. వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే ఫోను తిప్పి వాళ్ల గ్యారేజీ చూపించినాడు. కారు పక్కనే గోడకు ఆనించి ఒక బల్ల, దానికి వైస్ బిగించి ఉంది. "ఇక్కడ పనోణ్ని పిలిస్తే కూలి మోయలేమన్నా, చిన్న పనులన్నీ మేమే చేసుకుంటాం" అన్నాడు. అక్కడ కలప అంగళ్లలో "టూ బై ఫోర్" అని ఒకే కొలత కట్టెలు దొరుకుతాయి. పేరుకు 2 అంగుళాలు, 4 అంగుళాలు అంటారు గానీ చిత్రిక పట్టినాక ఉండేది ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. అవి కోసి, స్క్రూలు కొట్టి, పైన ప్లైవుడ్ వేస్తే బల్ల అయిపోతుంది.

మన దగ్గర కొత్త కలప కొని చేస్తే ఖర్చు ఎక్కువ. కానీ మనకు పాత కలప ఉంది. మా పాత మిద్దె పడగొట్టినప్పుడు తీసిపెట్టిన రెండు రెక్కల వేప తలుపు గోడకు ఆనించి ఉండేది. ఎద్దుల బండి పోయినా దాని తుమ్మ నొగలు చూరు కింద పడి ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఇట్లాంటివి ఉంటాయి, ఒకసారి వెతకండి. పొయ్యిలో పెట్టే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి.

కొలతలు

బల్ల పొడుగు 6 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు. తలుపు రెక్కలు రెండూ పక్కపక్కన పెడితే వచ్చిన కొలత అది. చెక్క మందం ఒకటిన్నర అంగుళం.

ఎత్తు మాత్రం మీ ఒంటికి తగినట్టు చూసుకోవాల. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదలండి. మణికట్టు ఎముక నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. నాకు 33 అంగుళాలు వచ్చింది, బల్ల ఎత్తు అంతే పెట్టినా. తక్కువైతే నడుము పట్టుకుంటుంది, ఎక్కువైతే రంపం మీద బలం పడదు.

కాళ్లు నాలుగు, నొగల నుంచి కోసినవి, 3 అంగుళాల మందం. వాటిని కలిపే అడ్డపట్టీలు 2 అంగుళాల మందం, గుంతకల్లులో పాత కలప అంగట్లో కొన్నవి. బల్లకు రెండు పక్కలా పైన ఒకటి, కింద ఒకటి పొట్టి పట్టీలు. ముందూ వెనకా పైన ఒకటి, కింద ఒకటి పొడుగు పట్టీలు. మొత్తం 8 పట్టీలు, ఒక్కో పట్టీకి రెండు బోల్టులు, అంటే 16 బోల్టులు. కాలు 3, పట్టీ 2 కలిపితే 5 అంగుళాలు కాబట్టి 6 అంగుళాల పొడుగు బోల్టు సరిపోతుంది. నట్టు కింద వాషరు తప్పకుండా వేయాల, లేకపోతే బిగించేకొద్దీ నట్టు చెక్కలోకి దిగిపోతుంది.

చట్రం సరిగ్గా వచ్చిందా లేదా చూడటానికి మూలమట్టం లేకపోయినా ఫరవాలేదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం పెట్టి కొలవండి, తర్వాత రెండో జత మూలలు కొలవండి. రెండు దారాలూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టే. వీడియోలో ఇది దగ్గరగా చూపించినాం.

"ఇది బల్లా, ఉయ్యాలా?"

మొదటిసారి రెండు రోజులు కష్టపడి నిలబెట్టినాం. చూడటానికి గట్టిగానే ఉంది. రంపం పెట్టి ఒక కట్టె కోస్తే బల్ల నాతోపాటే ముందుకూ వెనక్కూ ఊగింది. మా ఊరి వడ్రంగి తాతను పిలుచుకొచ్చినా. ఆయన ఒక చెయ్యి వేసి నెట్టి చూసి నవ్వినాడు.

"ఏమప్పా, ఇది బల్లా, ఉయ్యాలా?"

"బోల్టులన్నీ బిగించినా కదా తాతా."

"బోల్టు ఒకటే ఉంటే అది తలుపు బందు మాదిరి తిరుగుతాది నాయనా. నాలుగు కట్టెలు నాలుగు బోల్టులు వేస్తే చతురం. చతురం వంగుతాది. మూడు కట్టెలు మూడు బోల్టులు వేసి వంచు చూస్తాం."

మూడు పుల్లలకు మూడు మేకులు కొట్టి చూసినా, వంగలేదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో పనిముట్ల పాఠం చదివినవాణ్నే గానీ, ఈ సంగతి తాత చెప్పేదాకా తలకెక్కలేదు. చతురానికి మూల నుంచి మూలకు ఒక ఏటవాలు కట్టె వేస్తే అది రెండు త్రికోణాలు అవుతుంది, ఇక కదలదు. పందిళ్లకు, రేకుల షెడ్డు దూలాలకు ఏటవాలు కట్టెలు వేసేది ఇందుకే.

షెడ్డు రేకులు వేసినప్పుడు మిగిలిన యాంగ్లర్ ముక్కలు తీసి వెనకవైపు పొడుగునా ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి ఏటవాలుగా బిగించినాం. ఒక్కోదానికి రెండు, మొత్తం 6 బోల్టులు. ముందువైపు కాళ్లు పెట్టుకోవడానికి ఖాళీగా వదిలినాం. ఉయ్యాల ఆగిపోయింది.

ఇంకో తప్పు కూడా చెబుతా. 10 ఎం.ఎం. బోల్టుకు నేను 12 ఎం.ఎం. బొక్క వేసినా, సులభంగా దూరుతుందని. ఆ సందు వల్లే సగం ఊగింది. బొక్క 10 ఎం.ఎం. మాత్రమే వేయండి, బోల్టును సుత్తితో మెల్లగా తట్టి దింపండి.

నల్లరేగడి మీద నాలుగు కాళ్లు

మా షెడ్డుకు సిమెంటు నేల లేదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మొదటి వానాకాలం పోయేసరికి బల్ల ఒక మూల కుంగింది. చెక్క ముక్కలు దూర్చి సరిచేసినా ఆగలేదు.

తర్వాత ఒక్కో కాలు కింద అడుగు లోతు తవ్వి, నల్లమన్ను తీసేసి, గరుసు పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టినాం. దాని మీద తాడిపత్రి బండ ముక్క పరిచినాం. ఇల్లు కట్టేవాళ్ల దగ్గర పగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు. బండ వల్ల రెండు లాభాలు. కాలు కుంగదు, చెక్క మట్టికి తగలదు కాబట్టి చెదలు సులభంగా ఎక్కవు. కాళ్ల అడుగున ఏడాదికి రెండుసార్లు వేపనూనె పూస్తాను.

వైస్: ఇదే అసలు పనిముట్టు

నిజం చెప్పాలంటే, మనకు కావాల్సింది వస్తువును కదలకుండా పట్టే మూడో చెయ్యి. బల్ల ఆ చెయ్యిని మోసే ఒళ్లు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో రాన్ హిక్‌మన్ అనే కార్ల డిజైనర్ 1961లో ఇంట్లో కుర్చీని ఆసరా చేసుకుని చెక్క కోస్తూ, చెక్కతోపాటు ఖరీదైన ఆ కుర్చీని కూడా కోసేసినాడు. ఆ పొరపాటు నుంచే మడిచి పెట్టుకునే బల్ల తయారుచేసినాడు. దాని పైచెక్కలు రెండూ దగ్గరికి జరిగి వస్తువును పట్టుకుంటాయి. మొదట కంపెనీలు వద్దన్నాయి. 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తీసుకున్నాక వర్క్‌మేట్ పేరుతో లక్షల్లో అమ్ముడుపోయింది. లోటస్ ఎలాన్ కారు గీసిన మనిషికే ఆ గతి పడితే, మంచం కోడు మీద పైపు కోసే మనమెంత!

నేను 4 అంగుళాల పాత వైస్ 1,100కు కొన్నా. పాతది కొనేటప్పుడు మూడు చూడండి. స్క్రూ మొదటి నుంచి చివరిదాకా పట్టకుండా తిరగాల. మూసినప్పుడు దవడలు రెండూ సమంగా కలవాల. ఒంట్లో పగులు, వెల్డింగ్ అతుకు ఉండకూడదు. పోత ఇనుము అతుకు నమ్మడానికి లేదు.

బిగించేటప్పుడు జాగ్రత్తలు:

- కాలు మీదుగా వచ్చే మూలలో పెట్టాల. సుత్తి దెబ్బ కాలి గుండా నేలకు దిగుతుంది. నడుమ పెడితే చెక్క ఎగిరెగిరి పడుతుంది.
- కదలని దవడ బల్ల అంచు కంటే కొంచెం బయటికి రావాల. అప్పుడే పొడుగు పైపును, గుంటక పలుగును నిలువుగా పట్టవచ్చు.
- స్క్రూలు వద్దు. చెక్క గుండా కిందిదాకా పోయే బోల్టులు, కింద వెడల్పు వాషర్లు వేయండి.
- దవడల పైఅంచు మీ మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉండాల. 33 అంగుళాల బల్ల మీద వైస్ ఎత్తు కలిపితే నాకు 40 వచ్చింది, సరిపోయింది.

ప్లాస్టిక్ నాజిల్, డ్రమ్ము కుళాయి లాంటివి నేరుగా బిగిస్తే పగులుతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు దవడలకు తొడగండి.

తడి పని ఒక పక్క, ఇనుప పని ఒక పక్క

నేను ఊర్లో చిన్న ఎన్.పి.ఎం. అంగడి నడుపుతున్నా. కషాయాలు, ఘనజీవామృతం అమ్ముతా. కొనేవాళ్లే స్ప్రేయరు కూడా తెస్తారు, "జీవామృతం పోస్తే పట్టుకుపోయింది, చూడన్నా" అని. గుడ్డలో సరిగ్గా వడగట్టకపోతే పిండి, పేడ పిప్పి నాజిల్‌లో ఇరుక్కుంటుంది. స్ప్రేయరు విప్పితే బల్ల మీద నీళ్లు, పేడ, కషాయం. మొదటి ఏడాదికే చెక్క నల్లబడి మెత్తబడింది.

అందుకని బల్లలో మూడో వంతుకు జి.ఐ. రేకు పరిచినాం. మూడు వైపులా అర అంగుళం పైకి మడిచి, ఒక మూలకు కొంచెం వాలు పెట్టినాం. నీళ్లు ఆ మూల కింద పెట్టిన బకెట్లో పడతాయి. తడి పనులన్నీ ఆ పక్కనే. గ్రీజు, ఆయిల్ తగిలే పనులు వైస్ పక్క. విత్తనం, బీజామృతం మాత్రం ఈ బల్ల మీదికే రానివ్వను.

మిగతా చెక్కకు చాలామంది కాలిన ఇంజను ఆయిల్ పూస్తారు. మనం వద్దు. అది మురికి నూనె, చేతికి అంటుతుంది, అక్కడి నుంచి అన్నిటికీ అంటుతుంది. నేను అవిసె నూనె పల్చగా పూసి తుడిచి, ఆరినాక మళ్లీ పూసినా. వేపనూనె, కానుగ నూనె పైచెక్కకు పనికిరావు. అవి ఆరి గట్టిపడవు, జిగటగా ఉండి దుమ్ము పడతాయి. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవి ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడిగా పరిచి ఆరేయండి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. గ్రైండరు వాడేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోండి. గడ్డివామి పక్కన, శనగ పొట్టు పోసిన చోట బల్ల పెట్టకండి. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఖర్చు లెక్క

మొదటి దశ: అడ్డపట్టీల కలప 900, బోల్టులు 16కు 400, మేకులు, స్క్రూలు, బంక 180, వడ్రంగి తాత అరపూట కూలి 500. మొత్తం 1,980 రూపాయలు.

తర్వాత చేసిన మార్పులు: పాత వైస్ 1,100, ఏటవాలు పట్టీలకు బోల్టులు 6కు 150, కింది అరకు పలకలు 350, జి.ఐ. రేకు 300. మొత్తం 1,900 రూపాయలు.

రెండూ కలిపి 3,880. తలుపు, నొగలు, యాంగ్లర్, బండలు ఇంట్లోవీ ఊరికే వచ్చినవీ కాబట్టి లెక్కలో లేవు. అవిసె నూనె, వేపనూనె అంగట్లోవే వాడినా. కలప కూడా కొనాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది. అన్నీ ఒకేసారి కొనొద్దు. బల్ల ముందు చేసుకుని, పంట డబ్బులు వచ్చినాక వైస్ కొనుక్కోవచ్చు. కింది అరలో బరువైన సామాన్లు పెట్టండి, బల్ల ఇంకా గట్టిగా నిలబడుతుంది.

మా నాయన స్టూలు

"బల్లకు నాలుగు వేలా? ఆ దుడ్లు పెడితే డ్రమ్ములు వచ్చేవి కదరా" అని మా నాయన మొదట్లో గొణిగినాడు. ఆయన పనంతా నేల మీద గొంతుక్కూర్చుని, కాలి వేళ్లతో పట్టి చేసిన పని. ఆ పనితనం తక్కువది కాదు. మన వడ్రంగులు తరతరాలుగా అట్లే గొర్రులూ బండ్లూ చేసినారు. కానీ ఆయన మోకాళ్లు ఇప్పుడు వంగవు. కూర్చుంటే లేవలేడు. కొడవలి నూరడం కూడా మానేసినాడు.

ఒకరోజు నేను అంగడి నుంచి వచ్చేసరికి వైస్‌కు దంతె పలుగు బిగించి, ఆకురాయితో నిలబడి పదును పెడుతున్నాడు. నేనేం అనలేదు. మరుసటి రోజు మిగిలిన నొగ ముక్కలతో ఆయన ఎత్తుకు ఒక స్టూలు చేసి బల్ల పక్కన పెట్టినా. ఇప్పుడు మా వీధి కొడవళ్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. బల్లకు మేం చేసిన మార్పుల్లో మంచిది ఏదంటే నేను ఆ స్టూలే చెబుతా.

పోయిన అక్టోబరులో మళ్లీ పదునులోనే గొర్రు గొట్టం బిగింపు విరిగింది. సాయంత్రం ఆరున్నర. బల్ల పైన బల్బు వేసి, వైస్‌లో బిగించి, తెగిన బోల్టు తీసి, కొత్తది వేసేసరికి ఏడుంబావు. నాయన స్టూలు మీద కూర్చుని టార్చి పట్టినాడు. "తెల్లారి నాలుక్కే బండి కట్టు" అన్నాడు. బండి అంటే ట్రాక్టరే లెండి. మధ్యాహ్నానికి విత్తడం అయిపోయింది.

అన్ని రిపేర్లూ ఇంట్లో కావు. వెల్డింగ్ పని, గేరు పని అంగడికి పోవాల్సిందే. కానీ తెగిన బోల్టు కోసం, పట్టుకుపోయిన నాజిల్ కోసం పదును పోగొట్టుకోవద్దు. మీ షెడ్డులో పాత తలుపు ఉంటే ఫోటో తీసి పంపండి, ఏ కొలతకు కోయాలో చూసి చెబుతా. వచ్చే వీడియోలో 200 లీటర్ల డ్రమ్ముకు కారకుండా కుళాయి బిగించేది ఈ బల్ల మీదే చూపిస్తా. ఉంటా మరి, నమస్కారం.